విత్తులు కొట్టించకు మావా, ఉగాది దాకా ఆగు

ఒరేయ్ మావా,

రాత్రి ఫోన్‌లో నువ్వు "గుర్రం వీర్యం రిపోర్టు బాలేదు, వాడికి విత్తులు కొట్టించేస్తా" అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఆ హారన్ల మధ్య ఏం చెప్పానో కూడా గుర్తులేదు, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

ముందు ఈ లెక్క చూడు. మగగుర్రంలో ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 57 రోజులు పడుతుంది. ఆ తరవాత వృషణం పక్కనున్న గొట్టంలో పక్వానికి రావడానికి ఇంకో వారం, పది రోజులు. అంటే డిసెంబరు చివర్లో తీసిన సాంపిల్‌లో ఉన్నవి అక్టోబరులో తయారవడం మొదలై నవంబరులో ఎదిగినవి. దీపావళికి వాడికి మూడు రోజులు జ్వరం కాసిందని, మేత ముట్టలేదని చెప్పింది నువ్వే కదా! వృషణాలకు వేడి పడదు మావా. ఆ దెబ్బ అప్పుడే తెలియదు, వారాల తరవాత కదలిక తగ్గి, తోకలు వంకరపోయిన కణాలుగా బయటపడుతుంది.

ఇంకొకటి, నెలల తరబడి ఆడగుర్రం మీదికి దాటించని గుర్రం మొదటి సాంపిల్‌లో నిలవ ఉన్న పాత కణాలే ఎక్కువ. అసలు సత్తా తెలియాలంటే వరసగా ఐదారు రోజులు తీసి, చివరివి చూడాలి. నీకు చేసింది ఒక్కసారే. పైగా స్లైడు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచారో లేదో అడిగావా? చల్లటి గాజు తగిలితే మంచి కణాలు కూడా కదలడం ఆపేస్తాయి.

వయసు సంగతి కూడా అంతే. వాడికి మూడేళ్లు. రెండేళ్లకే వీర్యం వస్తుంది గానీ, వృషణాలు పూర్తిగా ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ముసలి గుర్రంలో కణాలు తగ్గితే దిగులుపడొచ్చు, పిల్లవాడి మీద తీర్పేంటి?

చలికాలం వల్లనే అని మీ ఊళ్లో ఎవరో అన్నారన్నావు. పగలు పొడవైతే గుర్రంలో వీర్యం, కణాల సంఖ్య పెరుగుతాయన్నది నిజమే. కానీ హాలెండ్ లాంటి ఉత్తరాది దేశాల్లో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తొమ్మిది గంటల దాకా తేడా, మన బెంగళూరు, అనంతపురం వైపు మహా అయితే గంటా ముప్పావు. కాబట్టి వాళ్ల పుస్తకాల్లో రాసినంత తేడా మన దగ్గర ఉంటుందనుకోను, నాకు జ్వరం మీదే అనుమానం.

జాతి గురించి పెద్దగా భయపడకు. ఫ్రీజియన్ లాంటి జాతుల్లో వీర్యం నాసిరకంగా ఉండటం మామూలే, షెట్‌లాండ్ పోనీల్లో దగ్గరి రక్తంలో కలిపేకొద్దీ కదలిక తగ్గడం కూడా చూశారు. నీ గుర్రం మార్వాడీ జాతిది, కానీ జాతి పేరు చూసి తేల్చేయలేం, ఒకే జాతిలో రెండు గుర్రాలకు కూడా బోలెడు తేడా. నువ్వు చూడాల్సింది వాడి తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలా కాదా అని. కొన్నప్పటి కాగితాలు తీసి రెండు తరాలు వెనక్కి చూసి నాకు ఫోటో పంపు.

విత్తులు తీసేస్తే మళ్లీ పెట్టలేం రా. ఉగాది దాటాక మళ్లీ పరీక్ష చేయిద్దాం, ఈలోగా జ్వరం రాకుండా చూసుకో, మధ్యాహ్నం ఎండలో కట్టేయకు. ఈసారి సాంపిల్ తీసేటప్పుడు నేనే వస్తా, శని, ఆదివారాలు కలిసేలా తేదీ చెప్పు. అమ్మకి నా నమస్కారాలు.

నీ మావ