చిట్కాతో పాటు కొలత కూడా వేయండి

సంపాదకులకు,

నమస్కారం. జుట్టుకు, చర్మానికి ఇంటి చిట్కాలంటూ పత్రికల్లోనూ ఫోన్ వీడియోల్లోనూ వారం వారం వస్తూనే ఉన్నాయి. వాటిలో పదార్థం పేరు ఉంటుంది గానీ కొలత ఉండదు. ‘కొద్దిగా నిమ్మరసం’, ‘కాసేపు ఉంచి కడగాలి’ అని రాస్తే చదివినవాళ్లు ఏమని అర్థం చేసుకోవాలి? ఎంత వేయాలి, ఎంతసేపు ఉంచాలి, ఎవరు వాడకూడదు అన్న మూడు సంగతులూ ప్రతి చిట్కా కిందా తప్పకుండా వేయాలని మనవి.

ముందుగా నిమ్మరసం సంగతి. ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువని అర్థం. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 పైచిలుకు. పచ్చి రసం ముఖానికి రాసుకుంటే మంట పుట్టడం ఒక ఎత్తు. సరిగ్గా కడగకుండా బండి మీద ఎండలోకి వెళ్తే, ఆ రసంలోని పదార్థాలు ఎండ తగిలి చర్మాన్ని కాలుస్తాయి. ఆ నల్లమచ్చలు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పోవు. రంగు తేలాలని రాసుకున్న చోటే నల్లబడుతుందన్నమాట. వంటసోడా దీనికి పూర్తిగా ఎదురు. అది క్షారం కాబట్టి చర్మం పైపొరను పొడిబార్చి, జుట్టును గరుకు చేస్తుంది. ఈ రెండూ వంటింట్లోనే ఉండాలి.

మనకు నిజంగా పనికొచ్చేది కుంకుడుకాయ. బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద నడిచే కాలనీలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఉప్పదనం ఎక్కువున్న ఆ నీళ్లలో సబ్బు నురగ రాకపోగా, తెల్లటి జిడ్డులా మారి వెంట్రుకలకు పట్టుకుంటుంది. కుంకుడు రసంతో ఆ బాధ లేదు. నడుము దాకా జుట్టున్నవాళ్లకు 10 నుంచి 12 కాయలు చాలు. పచ్చడిబండతో చితక్కొట్టి నల్లగింజలు తీసేయాలి, రసమంతా పైతొక్కలోనే ఉంటుంది. రాత్రి అర లీటరు వేడినీళ్లలో నానేసి, పొద్దున చేత్తో బాగా పిసికి, పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టాలి. చాలామంది తప్పు చేసేది ఈ వడకట్టడం దగ్గరే. పిప్పి మాడుకు అంటుకుని ఆరిపోతే రెండు రోజులు దురద పెడుతుంది, చూసినవాళ్లు చుండ్రనుకుంటారు. రెడీమేడ్ పొడిని నేరుగా తలకు కలుపుకున్నా ఇదే గొడవ. ఆ రసంలోనే పది మందారాకులు నలిపితే జిగురు దిగి చిక్కులు తేలిగ్గా విడతాయి. తల వెనక్కి వంచి పోసుకోవాలి. రసం కంట్లో పడితే పది పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. మిగిలిన రసం బయట ఉంచితే మర్నాటికే పులుస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు మించి వాడితే జుట్టు ఎండిపోతుంది.

నీళ్ల మాట వచ్చింది గనక ఇంకొక్కటి. ఆర్‌ఓ మెషీన్ నుంచి పక్కకు పోయే నీళ్లను పారబోయడం ఇష్టం లేక కొందరు తలస్నానానికి పట్టుకుంటున్నారు. మెషీన్ వడగట్టిన లవణాలన్నీ చేరేది ఆ నీళ్లలోనే. గచ్చు తుడవడానికి వాడుకోండి, తలకు మాత్రం వద్దు. నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో ఆఖరి రెండు చెంబులైనా ఆ నల్లా నీళ్లు పోసుకుంటే జుట్టు మెత్తగా ఉంటుంది.

సున్నిపిండికి పెసరపప్పు, శనగపప్పు చెరో పావు కిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, గుప్పెడు ఎండు గులాబీ రేకులు వేసి మర పట్టిస్తే ఒక మనిషికి రెండు నెలలు వస్తుంది. గిర్నీలో అంతకుముందు కారం పట్టారేమో తప్పకుండా అడగండి. మరలో మిగిలిన కారం పిండిలో కలిస్తే ఒళ్లంతా భగ్గుమంటుంది. గోధుమలు పట్టిన తర్వాత పట్టించుకోవడం మేలు. ముఖానికి వాడేది బట్టలో జల్లించుకోవాలి. బియ్యపు రవ్వ గీరుకుంటే మొటిమలు పగిలి మచ్చలు పడతాయి. బేగంబజార్ మూలికల దుకాణాల్లో ఇదే సరుకుతో పాటు బావంచాలు కూడా కట్టిస్తారు. ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరిచే, బొబ్బలెక్కించే సోరాలిన్ ఆ గింజల్లో ఉంది. బొల్లి వైద్యంలో బావంచాలు వాడేది ఆ గుణం కోసమే. రోజూ ఎండలో తిరిగేవాళ్ల పిండిలో అవి లేకుండా చూసుకోవాలి.

చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా నూనె పెట్టుకోవడం మానాలి. చుండ్రుకు కారణమైన శిలీంధ్రం నూనెల్లోని కొవ్వును తినే బతుకుతుంది. చుండ్రు లేనివాళ్లు తలస్నానానికి గంట ముందు రెండు చెంచాల కొబ్బరినూనె రాసుకుంటే మంచిది. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది కాబట్టి కడిగేటప్పుడు తెగడం తగ్గుతుంది. గుంటగలగరాకు నూనె కాచుకునేవాళ్లు పావు లీటరు నూనెకు గుప్పెడు ఆకు వేసి సన్నసెగ మీద కాచాలి. చిటపట ఆగి, గరిటెతో కలిపితే ఆకు గలగలలాడినప్పుడు దింపాలి. తడి మిగిలిపోతే సీసాలో బూజు పడుతుంది, సెగ ఎక్కువైతే మాడువాసన వస్తుంది. కుదుళ్లు పోయిన చోట ఈ నూనె కొత్త జుట్టు మొలిపిస్తుందని మాత్రం రాయకండి.

ఆషాఢం వస్తోంది. గోరింటాకు పండేది నారింజ నుంచి ముదురు గోధుమ రంగు దాకానే, నలుపు రాదు. గంటలో నల్లగా పండే కోన్లలో పీపీడీ అనే హెయిర్ డై రసాయనం ఉంటుంది. దానితో చేతులు బొబ్బలెక్కడమే కాదు, ఒకసారి పడకపోతే ఆ తర్వాత ఏ నల్ల రంగు తలకు వేసుకున్నా ముఖం వాచిపోయే ప్రమాదం ఉంది. పిల్లల చేతులకు అసలే వద్దు. రోట్లో రుబ్బిన ఆకు నాలుగైదు గంటలు ఉంచుకుంటే చాలు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు మాత్రం అసలైన గోరింటాకు కూడా పెట్టకూడదు, వాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

చివరగా పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడితే గురివింద గింజ అరగదీసి రాయమనే సలహా ఇప్పటికీ ఊళ్లలోనూ బస్తీల్లోనూ తిరుగుతోంది. గురివిందలో ఉన్న అబ్రిన్ ప్రాణం తీసే విషం. అరగదీసిన గంధం పుండు మీద పడినా, పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోయినా ముప్పే. అసలు అక్కడ జుట్టును ఏ పేనూ కొరకదు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున కుదుళ్ల మీద పడుతుంది. చాలామందిలో జుట్టు తనంతట తానే మళ్లీ వస్తుంది, మచ్చలు పెరుగుతుంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల చర్మ విభాగాల్లో చూపించుకోవచ్చు. ఈ గురివింద చిట్కా ఎవరు రాసి పంపినా దయచేసి మీ పేజీలోకి రానివ్వకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్