పుట్టగొడుగులని రాసినా సరిపోయేది

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా ఊరి కాలువ గట్టు మీద గుడిసెలు తీసేసిన వార్త వచ్చింది. అందులో ఒక వాక్యం: 'ఎన్నిసార్లు ఖాళీ చేయించినా బొద్దింకల్లా మళ్లీ పుట్టుకొస్తున్నారు.' ఇన్నేళ్లూ ఇలాంటి చోట మీరు 'పుట్టగొడుగుల్లా' అని రాసేవారు. ఈసారీ అదే రాసుంటే నేను ఈ ఉత్తరం మొదలుపెట్టేవాణ్ణి కాదు. పుట్టగొడుగు కనిపిస్తే ఎవరూ చెప్పు తియ్యరు.

ఆ రోజే మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "అది జస్ట్ పోలిక సార్, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. నేను శాఖా గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పోలికలతోనూ పరిచయం ఉంది, బొద్దింకలతోనూ ఉంది. అట్టల వెనక మైదా జిగురు కోసం అవి చేసే విధ్వంసం, బీరువా తెరవగానే కొట్టే ఆ వాసన, నాఫ్తలీన్ ఉండల్ని పట్టించుకోని వాటి ధీమా, అన్నీ చూశాను. వాటి తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. లెక్కలేనన్ని చంపాను. ఆ కుర్రాడికి ఫోన్లో చెప్పలేకపోయింది మాత్రం ఇక్కడ చెబుతాను.

ఈ మాట రాగానే చదువుకున్నవాళ్లకు జర్మన్‌లో రాసిన యూదు రచయిత కాఫ్కా గుర్తొస్తాడు. 1915లో అచ్చయిన ఆయన పెద్ద కథలో గ్రెగర్ అనే సేల్స్‌మన్ పొద్దున్నే లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడు. మనలో చాలామంది దాన్ని బొద్దింక కథ అనే చెప్పుకుంటారు గానీ, అది ఏ పురుగో కాఫ్కా చెప్పలేదు. ఆయన వాడిన జర్మన్ మాట ఒక పురుగు పేరు కాదు, ఇంట్లో ఉండకూడని నీచపు పురుగూపుట్రా అన్నిటికీ కలిపి వాడే మాట. పుస్తకం అట్ట మీద ఆ పురుగు బొమ్మ వెయ్యొద్దని, దూరం నుంచి కూడా చూపించొద్దని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. బొమ్మ వేస్తే మనం బయట నిలబడి పురుగును చూస్తాం. కథలో మాత్రం దాని లోపల ఉంటాం. ఒళ్లంతా మారిపోయినా ఆ గ్రెగర్ బెంగ ఏమిటో తెలుసా? రైలు తప్పిపోయింది, ఆఫీసువాళ్లకు ఏం చెప్పాలి అని. మన ఇళ్లలో సంపాదించే కొడుకులందరి బెంగా అదే.

సరిగ్గా ఆ జర్మన్ మాటనే తర్వాత నాజీలు యూదుల మీద వాడారు. కాఫ్కా 1924లోనే క్షయతో పోయాడు. ఆయన ముగ్గురు చెల్లెళ్లనూ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్-బి అనే విషం మొదట తయారైంది పురుగుల్ని చంపడానికే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం బ్రెజిల్ రచయిత్రి క్లారిస్ లిస్పెక్టర్ 1964లో వేసిన నవల. ఇంగ్లీషులో చదివాను. రియోలో ఒక డబ్బున్న ఇంటావిడ. ఆమెకు పేరు కూడా ఉండదు, జి.హెచ్. అనే పొడి అక్షరాలే. పనిమనిషి మానేసి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఉన్న గది ఎంత కంపుగా ఉందో, సర్దుదామని వెళుతుంది. తీరా చూస్తే గది కడిగిన ముత్యంలా ఉంది. గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మలు: ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక కుక్క. ఆ ఆడమనిషి నేనేనా, ఈ పిల్ల కంటికి నేనిలా కనిపించానా అని ఆవిడకు అప్పుడు తడుతుంది. ఇన్నాళ్లూ తన ఇంట్లోనే తిరిగిన ఆ నల్లజాతి అమ్మాయి మొహం గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతుంది. అంతలో బీరువాలోంచి బొద్దింక. ఆవిడ తలుపు వేసి నొక్కేస్తుంది. అది సగం నలిగి, చావకుండా, ఆవిడ వంకే చూస్తూ ఉంటుంది. ఇక మిగతా నవలంతా ఆ బొద్దింకతో ఆవిడ ముఖాముఖి. చదివాక రెండు రోజులు మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెతో మామూలుగా మాట్లాడలేకపోయాను. ఆమెకు టీ పోసే గ్లాసు మా వంటింటి కిటికీలో విడిగా ఉండేది.

బీరుట్‌లో పుట్టి మాంట్రియల్‌లో స్థిరపడ్డ రావి హాజ్ 2008 నవలలోనూ ఒక వలసమనిషి ఉంటాడు. సగం బొద్దింకనని తనను తానే అనుకుంటూ పరాయివాళ్ల వెచ్చని ఇళ్లలోకి దూరుతుంటాడు. అనుకునేది అతనే. మీ వార్తలో అలా అన్నది గుడిసెలవాళ్లు కాదు.

ఇక పైనుంచి ఆ మాట అంటే ఏమవుతుందో రువాండాలో చూశాం. కిన్యార్వాండా భాషలో 'ఇన్యెంజి' అంటే బొద్దింక. 1960లలో దేశం విడిచి పారిపోయిన టుట్సీ తెగవాళ్లలో కొందరు ఆయుధాలు పట్టి, సరిహద్దు దాటి రాత్రిళ్లు దాడులు చేసేవారు. ఆ పేరు మొదట వాళ్లది. 1990లకు వచ్చేసరికి అది టుట్సీల చంటిపిల్లల మీదికీ పాకింది. 1993లో కంగురా అనే పత్రిక (పత్రికేనండీ) బొద్దింక కడుపున సీతాకోకచిలుక పుట్టదని రాసింది. ఆ ఏడే మొదలైన ఆర్.టి.ఎల్.ఎమ్. అనే రేడియో పాటల మధ్యా జోకుల మధ్యా అదే మాట వినిపించింది. 1994 ఏప్రిల్ నుంచి సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలనే, చంపారు. చంపినవాళ్లలో ఇరుగుపొరుగువాళ్లు ఎందరో. ఈ నేరంలో పాలుపంచుకున్నారని 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ రేడియో పెద్దలిద్దరితో పాటు ఆ పత్రిక సంపాదకుడికీ శిక్ష వేసింది.

ఆ మారణకాండలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న స్కొలాస్టిక్ ముకసోంగా 2006లో ఫ్రెంచిలో తన జ్ఞాపకాలు రాసి, ఆ తిట్టునే పుస్తకానికి పేరు పెట్టింది. లోపల మాత్రం బొద్దింకలు ఉండవు. ఇల్లు, బడి, అమ్మ, నాన్న, పోయినవాళ్ల పేర్లు ఉంటాయి.

ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకోకండి. 2015 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 'ది సన్' పత్రిక కాలమిస్టు సముద్రం దాటి వచ్చే వలసదారులను బొద్దింకలతో పోల్చింది. రెండు రోజులు తిరక్కముందే మధ్యధరా సముద్రంలో పడవ మునిగి సుమారు 800 మంది పోయారు. ఆ రాత వల్ల పడవ మునగలేదు, నాకు తెలుసు. కానీ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ అంతటివాడు ఆ కాలమ్‌ను తప్పుబడుతూ రువాండా పేరెత్తాల్సి వచ్చింది. మన దేశంలోనూ ఎన్నికల సభల్లో 'చెదపురుగులు' అన్న మాట విన్నాం కదా.

ఇదే పోలికను పైకి విసిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1933లో ఓసిప్ మాండెల్‌స్టామ్ అనే రష్యన్ కవి సోవియట్ నియంత స్టాలిన్ మీసాల్ని బొద్దింక మీసాలన్నాడు. అచ్చు వెయ్యలేదు, దగ్గరివాళ్లకు చదివి వినిపించాడంతే. మరుసటి ఏడు అరెస్టు, 1938లో ఖైదీల శిబిరంలో చావు. కాలువ గట్టువాళ్లను అన్నందుకు మీకు వచ్చిన కష్టం ఒక ముసలాయన ఫోనే.

మన భాషలో ఇంతకంటే మంచి దారి వేసినవాడు ఉన్నాడు. అపశకునమని జనం తరిమే గబ్బిలాన్ని జాషువా 1941లో కావ్యంలోకి తెచ్చాడు. అంటరానివాడు దాన్ని పలకరించి, శివుడికి నా గోడు చెప్పమని పంపుతాడు. గబ్బిలం గుడిలోకి వెళ్లగలదు, అతను వెళ్లలేడు. మా లైబ్రరీలో ఆ పుస్తకానికి మూడుసార్లు అట్ట మార్పించాను. రెండుసార్లు పాఠకుల వల్ల, ఒకసారి బొద్దింకల వల్ల.

ఏ మాట వాడాలో ఏది వాడకూడదో మీ డెస్కులో ఒక పట్టిక ఉంటుందని విన్నాను. మనుషులకు పురుగుల పోలిక వద్దని అందులో ఒక వరుస చేర్చండి. నేరగాళ్లయినా సరే, మీకు నచ్చని పార్టీవాళ్లయినా సరే. ఉత్తరం పొడవైంది, కత్తిరించుకోండి. కంగురా సంగతి మాత్రం ఉంచండి.

ఇంకొకటి. ఆ వార్తలో అధికారుల మాటలున్నాయి, అపార్ట్‌మెంటువాళ్ల మాటలున్నాయి, గుడిసెలవాళ్లలో ఒక్కరి మాటా లేదు. ఇప్పుడు వాళ్లు లాకుల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటున్నారు. విలేకరిని మళ్లీ పంపితే పొద్దున ఆరు లోపే పంపండి. ఆ తర్వాత అందరూ కూలీల అడ్డాకు వెళ్లిపోతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి,
గుంటూరు జిల్లా