నోటరీ దగ్గరికి వెళ్లే ముందు

చిట్టితల్లీ,

ఆ కాగితం వారం రోజులుగా ఫ్రిజ్ తలుపు మీద, తిరుపతి నుంచి తెచ్చుకున్న అయస్కాంతం కింద అలాగే వేలాడుతోంది. నువ్వు మళ్లీ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. పాల కోసం తలుపు తీసిన ప్రతిసారీ కంటపడుతూనే ఉంది. ఓడ మీద పని చేసేవాళ్లకు కోస్ట్ గార్డు ఇచ్చే పత్రానికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు దరఖాస్తు చేసుకోవాలంటే అమ్మో నాన్నో నోటరీ ఎదుట ఒప్పుకోలు సంతకం పెట్టాలి. నీకు పదహారే. అంటే ఈ ఒక్క విషయంలో అమెరికా ప్రభుత్వం నా మాట కోసం ఆగింది. ఇంట్లో అలాంటి అవకాశం నాకు ఈ మధ్య రావడం లేదు కాబట్టి కొంచెంసేపు వాడుకోనివ్వు.

ఎదురుగా కూర్చుంటే నా గొంతు పెరుగుతుంది, నీ చెవుల్లోకి ఇయర్‌ఫోన్లు వెళతాయి. అందుకే రాస్తున్నాను. ఆదివారం తెలుగు క్లాసులకు నిన్ను లాక్కెళ్లింది ఇలాంటి రోజు కోసమే అనుకో. అర్థం కానిచోట అమ్మను అడుగు. అమ్మ నా మాటలను నాకంటే బాగా చెబుతుంది.

తొమ్మిదో తరగతికి మారిటైమ్ హైస్కూలుకు వెళతానని నువ్వన్నప్పుడు నేను ఒప్పుకున్నది నీ మీద నమ్మకంతో కాదు. ఏడాది తిరిగేసరికి ఆ మోజు తీరిపోతుందనుకున్నాను. చుట్టాలు అడిగితే ‘సైన్సు ఎక్కువగా చెప్పే బడి’ అని చెప్పేవాడిని. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. పడవలు నడిపే పని, ఇంజిన్లు బాగుచేసే పని, సముద్రాన్ని చదివే పని నేర్పే బడి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మీ తాతయ్య విశాఖ పోర్టులో కళాసీ అని నీకు తెలుసు. ఆయన ఎడమ చేతి రెండు వేళ్లు ఎందుకు వంగేవి కావో నీకెవరూ చెప్పి ఉండరు. పనిలో చేరిన మొదటి ఏడాదే ఉక్కు మోకు బిగుసుకున్నప్పుడు చేయి మధ్యలో ఉండిపోయింది. బిగిసిన మోకుకు ఏ వైపు నిలబడాలో, తెగితే అది ఎటు కొడుతుందో ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చూసి నేర్చుకోవాలి, దెబ్బ తిని గుర్తుపెట్టుకోవాలి. అదే ఆయన బడి. ఆ బడికి ఏ ప్రభుత్వమూ ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. ఫీజు మాత్రం ఆయన రెండు వేళ్లతో కట్టారు.

అందుకే మా ఇంట్లో ‘చదవకపోతే మోకు లాగుతావు’ అనేది బెదిరింపు. నేనూ మీ అత్తయ్యా ఆ మాట వింటూ పెరిగాం. ఆ భయంతోనే బీకాం చదివాను, ఆ భయంతోనే ఇంత దూరం వచ్చాను. మొన్న డిసెంబరులో నువ్వు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కళ్లు మూసుకుని, కుర్చీ కోడుకు తాడుతో ముడి వేస్తున్నావు. చివర ఒక ఉచ్చు, ఎంత లాగినా బిగుసుకోదు, కావాలంటే వేలితో విప్పెయ్యొచ్చు. ‘బోలైన్’ అన్నావు. కోటవీధి ఇంట్లో నూతి చేదకు మీ తాతయ్య వేసే ముడి అది. పేరేమిటో మాకు తెలియదు. ముప్ఫై ఏళ్ల తర్వాత సియాటెల్ పక్కనున్న ఈ బ్యూరియన్‌లో, మైక్రోవేవ్ పక్కన, దాని పేరు తెలిసింది నాకు.

ఆ రాత్రే మనసు మారిపోయిందనుకోకు. నేను లెక్కలు చూసేవాడిని. ఏ సంగతైనా పద్దుల్లో పెడితే తప్ప నా బుర్రకెక్కదు. కింగ్ కౌంటీ పంపిన ఆస్తి పన్ను కాగితం పట్టుకుని మొన్న గంటసేపు కూర్చున్నది అందుకే. ఏప్రిల్ 30లోగా మొదటి సగం కట్టాలి కదా, ఆ మిషతో. మన డబ్బు ఎవరెవరికి ఎంత వెళుతుందో అందులో వరసగా ఉంటుంది. రాష్ట్రం, బడులు, కౌంటీ, ఊరు, లైబ్రరీ. మధ్యలో ‘పోర్టు’ అని ఒక పద్దు. చిన్న మొత్తమే. కానీ ఇన్నేళ్లూ దాన్ని చూసినప్పుడల్లా విసుక్కునేవాడిని. ఓడల రేవుకు, నానమ్మ దిగే విమానాశ్రయానికి నా ఇంటి పన్నెందుకని.

తర్వాత చదివి తెలుసుకున్నాను. రైల్వే కంపెనీల గుప్పిట్లో ఉన్న రేవును తమ చేతికి తెచ్చుకోవాలని ఇక్కడి జనం 1911లో ఓటు వేసి సియాటెల్ పోర్టును ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని నడిపే అయిదుగురు కమిషనర్లనూ ఇప్పటికీ మనమే ఎన్నుకోవాలి. (నేను ఎన్నిసార్లు ఓటు వేశానని అడక్కు. బ్యాలట్ కవరు విప్పకుండానే చెత్తబుట్టలో పడేసిన ఏళ్లున్నాయి.) 2021లో తొమ్మిదో తరగతితో మీ బడి మొదలైనప్పుడు హైలైన్ స్కూల్ డిస్ట్రిక్టుతో చేయి కలిపినవాళ్లలో ఆ పోర్టు ఒకటి. పోర్ట్ టౌన్సెండ్‌లోని నార్త్‌వెస్ట్ మారిటైమ్ సెంటర్, డువామిష్ నది కోసం పాటుపడే స్థానికుల సంఘం మిగతా ఇద్దరు. అంటే నేను విసుక్కుంటూ కట్టిన ఆ పద్దును పెట్టుకున్న పోర్టే నా కూతురి బడికి పునాది వేసిన చేతుల్లో ఉంది. లెక్కలవాడికి ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

ఇక రోజువారీ ఖర్చు. దానిలో పెద్ద వాటా రాష్ట్రానిది. బడి చదువుకు సరిపడా ఏర్పాటు చేయడం రాష్ట్రానికి అన్నిటికంటే ముందు వచ్చే బాధ్యత అని వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగంలో రాసి ఉంది. రోడ్ల కంటే, జైళ్ల కంటే ముందు. ఆ మాట నిలబెట్టుకోవడం లేదని తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. నిధులు లెక్కగట్టే సూత్రం ఇంకా ముచ్చటగా ఉంటుంది. మామూలు హైస్కూలు తరగతికి 28.74 మంది పిల్లలని లెక్క. ఆ 0.74 పిల్ల ఎవరో నాకు తెలియదు, మార్కులను బట్టి చూస్తే నా చిన్నప్పటి నేనే కావచ్చు. పని నేర్పే తరగతికి మాత్రం 23 మందే. వెల్డింగ్ మంట దగ్గర, ఇంజిన్ దగ్గర, ఊగే పడవలో ఒక్క మాస్టారు ముప్ఫై మందిని చూసుకోలేరు కాబట్టి తలకు ఖర్చు ఎక్కువైనా ఫరవాలేదని ఆ సూత్రం ఒప్పుకుంటోంది. తాతయ్య వేళ్ల సంగతి చెప్పానే, ఆ రెండు వేళ్ల ఖరీదు ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉంది.

దీనికి కేంద్ర ప్రభుత్వం డబ్బు కూడా కలుస్తుంది. వృత్తివిద్యకు అమెరికా కేంద్రం డబ్బివ్వడం 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది పెర్కిన్స్ చట్టం. 1984లో వచ్చింది, 2018లో మళ్లీ పొడిగించారు.

ఇక్కడే నా మొదటి అనుమానం పట్టుకుంది. వందేళ్లుగా డబ్బు వచ్చింది సరే, ఆ డబ్బుతో చాలాకాలం ఏం చేశారు? బీదవాళ్ల పిల్లలను, నల్లజాతి పిల్లలను, వలస వచ్చినవాళ్ల పిల్లలను వర్క్‌షాపు గదిలోకి పంపి, పుస్తకాలను వేరేవాళ్ల పిల్లలకు ఇచ్చారు. మన దగ్గర కులం చేసిన పనిని ఇక్కడ టైంటేబులు చేసింది. పద్నాలుగేళ్ల పిల్ల ముందు ‘నీ దారి ఇటు’ అని బాణం గుర్తు పెట్టే బడి అంటే నాకు ఇప్పటికీ గుబులే. మీ బడి అలాంటిది కాదని నువ్వు పది సార్లు చెప్పావు. డువామిష్ నది నీళ్ల నమూనాలు తీసి రిపోర్టులు రాస్తున్నావు, అది చూశాను. 2001లో కేంద్రం సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషపదార్థాలతో బాగా పాడై శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో, చేర్చేంతగా పాడైన నది పక్కన నిలబడి, ఆ కాలుష్యం ఎవరి వాకిట్లోకి వచ్చిందని అడిగే పిల్లను మోకు లాగడానికి మాత్రమే తయారు చేస్తున్నారని అనలేను. అయినా నా షరతు ఒకటి ఉంది, చివర్లో చెబుతాను.

ఇప్పుడు సోంపేట మావయ్య సంగతి. నువ్వు చూసినప్పటికి ఆయన కిరాణా కొట్టు పెట్టుకున్నారు. అంతకుముందు ఓడ ఉద్యోగం కోసం తిరిగారు. శ్రీకాకుళం వైపు ఊరూరా ఓడ మీద పని చేసేవాళ్లున్నారు, వాళ్లు కట్టుకున్న మేడలూ ఉన్నాయి. ఆ మేడలు చూపించే ఏజెంట్లూ ఉన్నారు. సీడీసీ పుస్తకం, అంటే ఓడ పనివాళ్ల గుర్తింపు పుస్తకం, చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టేనని ఒక ఏజెంటు నమ్మబలికి నాలుగు లక్షలు తీసుకున్నాడు. అత్తయ్య నగలు తాకట్టులోకి వెళ్లాయి. చేతికిచ్చిన కోర్సు సర్టిఫికెట్లలో ఒకటి దొంగది. దాంతోనే ఎక్కడో ఎడారి దేశపు రేవులో ఒక పాత టగ్గు ఎక్కించారు. ఏడు నెలలు జీతం లేదు. తాగడానికి నీళ్లు కూడా పక్క పడవవాళ్లు ఇచ్చారట. తిరిగొచ్చాక ఆయన ఏజెంటును తిట్టడం నేను వినలేదు. ‘నాకు తెలియకపోవడమే నా తప్పురా’ అనేవారు. ఏ కాగితం ఎవరు ఇవ్వాలో, ఏ కోర్సుకు ఏ గుర్తింపు ఉండాలో పదో తరగతితో ఆగిన కుర్రవాడికి చెప్పే బడి అప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. చెప్పేవాడు ఏజెంటొక్కడే.

నిన్న రాత్రి నీ ఫోల్డరు తీసి చూశాను, కోప్పడకు. ఏ పత్రం ఎవరిస్తారో, రేవులోకి వెళ్లడానికి ట్విక్ కార్డు ఎలా తీసుకోవాలో, డెక్కు మీద మొదటి మెట్టు ఆర్డినరీ సీమన్ నుంచి పై మెట్టు ఏబుల్ సీమన్ కావాలంటే సముద్రం మీద గడిపిన రోజులను ఎలా రుజువు చేయాలో, అన్నీ నీ గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. పక్కన పిచ్చి బొమ్మలు కూడా ఉన్నాయి గానీ వాటి జోలికి వెళ్లను. మావయ్య నాలుగు లక్షలు పోసి కొనుక్కోలేకపోయినది నీకు పదకొండో తరగతి నోట్సులో ఊరికే దొరికింది. ఊరికే అంటే ఊళ్లో అందరూ తలా కొంచెం కట్టారని. మనకూ సముద్రానికీ మధ్య ఏజెంటు లేకుండా చేసేది ఆ డబ్బే. నాకు అర్థమైన అసలు సంగతి ఇది. మిగతాదంతా అంకెలు.

పిల్లలు లేనివాళ్లు కూడా దీనికి ఎందుకు కట్టాలని నా ఆఫీసులో ఒకాయన వాదించాడు. ఫెర్రీ ఎక్కుతావా అని అడిగాను. ఎక్కుతానన్నాడు. ఒక్కో ఫెర్రీకి కనీసం ఎంతమంది సిబ్బంది ఉండాలో కోస్ట్ గార్డు ఖాయం చేస్తుంది. ఒక్కరు తక్కువైనా పడవ కదలకూడదు. దేశంలోకెల్లా పెద్దదైన మన రాష్ట్ర ఫెర్రీల వ్యవస్థలో 2021 నుంచి సిబ్బంది చాలక ఎన్ని ప్రయాణాలు రద్దయ్యాయో అందరికీ తెలుసు. పైగా పాతవాళ్లు రిటైరవుతున్నారు. ఆయన ఒప్పుకోలేదనుకో, కానీ టాపిక్ మార్చాడు. ఆఫీసులో అది గెలుపు కిందే లెక్క.

ఒక సంగతి మాత్రం నువ్వు కళ్లు తెరిచి చూసుకోవాలి. సూత్రం ప్రకారం వచ్చే డబ్బు ఏటా వస్తుంది. గ్రాంటు, విరాళం, భాగస్వాముల సాయం అలా కాదు, చుట్టపుచూపుగా వచ్చే డబ్బు అది. వచ్చినప్పుడు ఇల్లంతా సందడి, వెళ్లేటప్పుడు ఆపలేం. కొత్త భవనానికి బాండు, అంటే జనం ఓటుతో తెచ్చే అప్పు, కావాలంటే ఈ రాష్ట్రంలో నూటికి 60 ఓట్లు రావాలి. 59 వస్తే ఓడినట్టే. మీ బడిలో పడవ ఏ పద్దులో ఉంది, బస్సు ఏ పద్దులో ఉంది, మీ మాస్టారి జీతం ఏ పద్దులో ఉంది? ప్రిన్సిపాల్ గారిని అడుగు. పదహారేళ్ల పిల్ల ఈ ప్రశ్న అడిగితే ఎవరూ విసుక్కోరు, నేనడిగితే విసుక్కుంటారు. ఏది చుట్టపుచూపు డబ్బో తెలిస్తే దాన్ని ఇంటి డబ్బు చేయమని కమిషనర్ల మీటింగులో మాట్లాడొచ్చు. నేనూ వస్తాను. ఈసారి బ్యాలట్ కవరు కూడా విప్పుతాను.

అమ్మ దిగులు వేరు. ప్రపంచంలో ఓడల మీద పని చేసేవాళ్లలో నూటికి ఇద్దరు కూడా ఆడవాళ్లు లేరని 2021 లెక్క ఒకటి చదివి అప్పటి నుంచి ఆమెకు నిద్ర పట్టడం లేదు. దానికి జవాబు నా దగ్గర లేదు. నువ్వూ అమ్మా మాట్లాడుకోండి, నేను గిన్నెలు కడుగుతాను.

నా షరతు లెక్కలు. వచ్చే ఏడాది కాలిక్యులస్ వదిలెయ్యకు. తర్వాత యూనివర్సిటీకి వెళతావో, ఓడ పని నేర్పే అకాడమీకి వెళతావో, నేరుగా డెక్కు మీదికే వెళతావో నీ ఇష్టం. ఏ తలుపూ మూసుకుపోకుండా చూసుకో, అంతే.

శనివారం పొద్దున పదింటికి మన బ్యాంకులో నోటరీ ఉంటారట. నీ పాస్‌పోర్టు, నా డ్రైవింగ్ లైసెన్సు సొరుగులో పెట్టాను. సంతకం నోటరీ ఎదుటే పెట్టాలి, ముందే పెట్టేస్తే చెల్లదు. ఆ కాగితం వారం రోజులుగా ఖాళీగా ఉన్నది అందుకేనని ఎవరైనా అడిగితే చెబుతాను.

నానమ్మకు ఫోను మాత్రం నువ్వే చేసి చెప్పాలి. మొదట ఏడుస్తుంది, కొంచెం తిడుతుంది. అయ్యేదాకా ఆగి, తాతయ్య చేదకు ఆ ముడి ఏ చేత్తో మొదలుపెట్టేవారో అడుగు. ఆ రెండు వేళ్లు వంగకుండా ఆయన అది ఎలా వేసేవారో నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నాన్న