పూత పోయాక వచ్చే కంచెతో ఏం లాభం మంత్రిగారూ?

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. పచ్చిక వాలులో పెరిగే అడవి ఆర్కిడ్ పూల మొక్కలకు కంచె కోసం మూడేళ్లలో ఐదు అర్జీలు పెట్టుకున్నాను. ఒకదానికి మాత్రం ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. మిగతావి ఏమయ్యాయో చెప్పేవాళ్లు లేరు. ఇక వేరే దారి లేక ఇలా అందరి ముందూ రాస్తున్నాను, మన్నించండి.

అడవి ఆర్కిడ్ల చుట్టూ తాత్కాలిక కంచె వేయడానికి మీరే ఆమోదం ఇచ్చారు. మొదటి ఏడాది స్తంభాలు వచ్చాయి, వల రాలేదు. నిరుడు వల వచ్చింది, అప్పటికే మందలు మేసి వెళ్లిపోయాయి. ఆ వల ఇప్పటికీ గోడౌన్‌లోనే ఉంది.

నిరుడు ఆ పచ్చిక వాలులో 11 పూల కాడలు లెక్కపెట్టాను. నాలుగు రోజుల తర్వాత వెళితే తొమ్మిది లేవు. వేలెడు ఎత్తున కొరికేసిన మొదళ్లు, వాటి కొసల్లో ఇంకా తడి. ఒక మొక్క ఆకులైతే గిట్ట దిగిన గుంటలో బురదకు అంటుకుపోయి ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి కాయ కట్టింది. అది పండి పగలకముందే ఇంకో మంద వచ్చింది. అక్కడే కూర్చుండిపోయాను సార్.

మీ సిబ్బందిలో ఒకరు ‘మొక్కే కదండీ, మళ్లీ చిగురిస్తుంది’ అన్నారు. చిగురించదండీ, ఇది గడ్డి కాదు. ఇలాంటి నేల ఆర్కిడ్లలో చాలావాటికి పాత దుంప ఏటా వట్టిపోతుంది, దాని పక్కనే కొత్త దుంప ఊరుతుంది. ఆ కొత్త దుంపకు తిండి పెట్టేది ఆ ఏటి ఆకులే. ఆకులు ముందే మేతకు పోతే దుంప చిక్కిపోతుంది, మరుసటేడు పూత రాదు. వరసగా ఇలాగే జరిగితే మొక్కే ఉండదు. పోనీ విత్తనాలు చల్లుదామా అంటే, ఒక్క కాయలో వేలకొద్దీ ఉన్నా అవి ధూళి లాంటివి, వాటిలో తిండి నిల్వ ఉండదు. మట్టిలో సరైన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తాయి. మొలిచాక కూడా పూత చూడాలంటే ఏళ్లు పడుతుంది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, ఆర్కిడ్ల కుటుంబం మొత్తం దాని జాబితాల్లోనే ఉంది. కానీ అది సరిహద్దులు దాటే వ్యాపారం సంగతి చూస్తుంది, మేత సంగతి కాదు. ఇక్కడ చూడాల్సింది మీరే.

కాపరుల మీద నాకు కోపం లేదు. వాళ్ల బతుకు ఆ పచ్చిక మీదే ఉంది. పశువులను పూర్తిగా ఆపేయమని కూడా అడగడం లేదు. మేత ఆగిపోతే గడ్డి, పొదలు పైకి లేచి, ఎండ తగలక ముందు పోయేవి ఈ మొక్కలే. ఆకు నేల మీదికి వచ్చినప్పటి నుంచి కాయ పగిలి విత్తనం రాలేదాకా కంచె ఉంటే చాలు. ఆ తర్వాత తీసేసి మందలను రానివ్వండి. ఆ కొద్ది కాలానికి కాపరులకు వేరే చోట మేత చూపించండి.

ఇంగ్లండ్‌లో లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్ అంతరించిపోయిందని 1917లో అనుకున్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనబడితే, దాన్ని దశాబ్దాల తరబడి కాపలా కాసి బతికించుకున్నారు. మన దగ్గర ఒక్కటే మిగిలేదాకా ఎందుకు ఆగాలి? ఇప్పటికే చాలా పోయాయి. దయచేసి వల కట్టించండి. సీజన్ ముందు కట్టించండి. ఏటా ఎవరో ఒకరు మీ గుమ్మం దగ్గర నిలబడి అడుక్కునే అవసరం లేకుండా, తేదీ వేసి ఆర్డర్ ఇవ్వండి.

మొన్న వాలుకు వెళ్లి చూశాను. ఈసారి ఆరు మొక్కలు ఆకు వేశాయి. స్తంభాలు ఒట్టిగా నిలబడి ఉన్నాయి. కింది గట్టు దగ్గర కొత్త గిట్టల గుర్తులు కనబడ్డాయి. ఈ వారంలోనే ఎవరినైనా పంపండి సార్.

ఇట్లు,
ఆ వాలును ఏటా లెక్కపెట్టే ఒక పౌరుడు