ఆరు తీగల్లో మూడు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పెద్దాయనా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడం తప్పే, ఏమనుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేశాను. ఈసారి మాత్రం పూర్తిచేసే లేస్తాను. మొన్న గురువారం రాత్రి మా ఇంట్లో ఒకటి జరిగింది. అది నీకు చెప్పేదాకా నాకు తిన్నది అరిగేలా లేదు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తావు, అందుకని కాగితమే నయం.

ముందు మామూలు కబుర్లు. నాన్న మోకాలు తగ్గింది, కర్ర లేకుండా నడుస్తున్నారు. నా ట్రాన్స్‌ఫర్ ఇంకా తేలలేదు. చెల్లి దసరాకి వస్తోంది. నువ్వడిగిన ఆవకాయ అమ్మ జాడీలోంచి తీసి విడిగా పెట్టింది, అటు ఎవరైనా వస్తుంటే పంపిస్తాను. అంతే.

గిటార్ కొన్నానని పోయినసారి రాశాను కదా. మూడు నెలలైంది. రోజూ అన్నం తిన్నాక అరగంట, వీడియోలు చూసుకుంటూ సాధన. మొదటి రెండు వారాలు ఎడమచేతి వేళ్ల కొసలు మండిపోయేవి. ఉక్కు తీగలు కదా, నొక్కి తీస్తే చర్మం మీద గీత పడేది. ఇప్పుడు కాయలు కాచాయి, నొప్పి లేదు. అన్నిటికన్నా ముందు వచ్చింది 'ఈ మైనర్' (E minor) అనే కార్డ్, అంటే కొన్ని స్వరాల్ని కలిపి మోగించే పట్టు. రెండు వేళ్లు చాలు, ఆరు తీగలూ మోగుతాయి. ఆ రోజు దాన్నే యాభైసార్లు మీటి ఉంటాను. తర్వాత జీ, సీ, డీ. విడివిడిగా పట్టుకుంటే అన్నీ బాగానే పలుకుతాయి. జీ నుంచి సీకి మారేటప్పుడే వేళ్లు గాల్లో వెతుక్కుంటాయి, ఈలోగా తాళం వెళ్లిపోతుంది. ఇక ఎఫ్ అని ఒకటుంది. చూపుడువేలు అడ్డంగా పెట్టి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. నెల రోజులు దానితోనే పోరాడాను. రెండు తీగలు మోగితే నాలుగు బుర్రుమనేవి.

గురువారం కూడా అదే పని. ఎఫ్ పట్టుకోవడం, బుర్రుమనడం, వదలడం. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "నాన్నా, ఒకసారి ఇలా ఇయ్యి" అంది.

నీలం బకెట్టు మీద ఒట్టు, అలాగే అంది.

అమ్మది బొబ్బిలి అని నీకు తెలుసు. చిన్నప్పుడు ఆరేళ్లు వీణ నేర్చుకుందని మాత్రం నీకెప్పుడూ చెప్పలేదేమో. నాకే సరిగ్గా తెలియదు. పెళ్లికి ముందు సంగతి, ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు. ఆ వీణ అమ్మమ్మగారింటి అటక మీద ఉండేదని, ఒక ఎండాకాలం మైనం కరిగి, తీగ నొక్కే మెట్లు జారిపోయాయని ఎప్పుడో విన్నాను. వీణకి ఇరవైనాలుగు మెట్లూ మైనంలోనే నిలబెడతారు, అందుకే అలా జారతాయి.

గిటార్ తీసుకుని ఎలా పట్టుకుందో తెలుసా! కింద బాసింపట్టు వేసుకుని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టింది. ఎడమచెయ్యి మెడ కిందనుంచి పోనిచ్చి వేళ్లు తీగ మీదికి తెచ్చింది. అన్నిటికన్నా సన్నని తీగని ఒట్టిగా ఒకసారి మీటి, తల వంచి విని, "ఇది స అనుకుందాం" అంది. మొదటి మెట్టు మీద రి. తర్వాత వేలు రెండు మెట్లు దాటేసి నాలుగో దాని మీద ఆగింది. గ. ఐదులో మ. ఏడులో ప. అక్కడ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఎనిమిది, పదకొండు, చివరికి రెండు చుక్కలున్న పన్నెండో మెట్టు. పై స.

మాయామాళవగౌళ! గిటార్ ముట్టుకోవడం ఆవిడకదే మొదటిసారి. మెట్లు లెక్కపెట్టలేదు, చుక్కలు చూడలేదు, చెవితోనే పట్టుకుంది. నేను తర్వాత కాగితం మీద లెక్క రాసుకున్నాను. ఒకటి, మూడు, ఒకటి వేస్తే మ వస్తుంది. రెండు వేస్తే ప. అక్కణ్ణుంచి మళ్లీ ఒకటి, మూడు, ఒకటి. కింది సగం ఎలా ఉందో పై సగమూ అలాగే ఉంది. సంగీతం నేర్పేవాళ్లు సరళీ వరసలు ఈ రాగంలోనే ఎందుకు మొదలుపెడతారో, మూడు నెలలు మెట్ల మీద తిరిగాక నా వేళ్లకి అర్థమైంది.

సరళీ వరసలు ఎత్తుకుంది. మొదటి కాలం. నెమ్మదిగా. రెండో వరసలో ఒకచోట తప్పింది, నాలిక కరుచుకుని మళ్లీ మొదటినుంచి. రి దగ్గర తీగని పక్కకి లాగి గమకం పలికించబోయింది. "ఇదేటిరా, సాగట్లేదు" అంది. వీణ మీద తీగ మెట్లకి ఎత్తుగా ఉంటుంది, లాగిన కొద్దీ స్వరం జారుతుంది. నా గిటార్‌కి వేసినవి బిరుసు తీగలు. గిటార్ మీద ఇలాంటివి వాయిస్తారా అని ఏదో అడగబోయాను. "పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ మీద వాయించలా?" అంది, తల ఎత్తకుండానే.

తర్వాతే అసలు సంగతి. "ఎదురుగా కూచో. ఆ లావు తీగ ఒకటి, నా తీగ పక్కది ఒకటి, ఆ రెండే మీటు. మిగతా మూడూ ముట్టుకోకు" అంది. లావు తీగా సన్న తీగా రెండూ 'ఈ' (E) అనే స్వరానికే ఉంటాయని నాకు తెలుసు, సన్న తీగ పక్కది 'బీ' (B). అంటే స, ప, స! ప్రతిరోజూ యాప్ పెట్టుకుని శ్రుతి చేస్తూనే ఉన్నాను, అందులో తంబురా ఉందని తట్టలేదు. ఆవిడ ఒక తీగ మీద వరసలు, నేను రెండు తీగల మీద శ్రుతి. ఒకే గిటార్. మధ్యలో చేతులు తగులుతుంటే ఆవిడే సర్దుకునేది. ఎంతసేపో తెలియదు. నాన్న టీవీ ఆపేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఏమీ అనలేదు. నాన్న టీవీ ఆపేయడమంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆపాక అమ్మ వేళ్లు చూశాను. రెండు వేళ్ల కొసలూ ఎర్రగా కందిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వాటి మీదా కాయలు ఉండే ఉంటాయి కదరా. అవి ఎప్పుడు మెత్తబడ్డాయో... ఎందుకు మానేశావమ్మా అని అడిగాను. "మేళం కట్టించాలంటే మనిషి రావాలి, అప్పుడు ఇల్లూ, మీరూ..." అని ఊరుకుంది. మేళం కట్టడమంటే మెట్లని మైనంలో నిలబెట్టడం. నేనూ రెట్టించలేదు. ఇంకోసారి అడగాలి. అడగొచ్చంటావా?

నా ఎఫ్ సంగతి కూడా ఆవిడే చూసింది. "నువ్వు రెండు మెట్ల నడుమ నొక్కుతున్నావు. మెట్టుకి ఆనుకుని దాని వెనకే పెట్టు, అంత బలం అక్కర్లేదు" అంది. ఈ మాట వీడియోల్లోనూ విన్నాను, చెవిన పెట్టలేదు. నిన్నటికి ఐదు తీగలు మోగుతున్నాయి. మూడోది ఇంకా మూగగానే ఉంది.

ఇంకో మాట. బొబ్బిలి మావయ్యకి ఫోన్ చేశాను. వీణ ఉందట! అటక మీదే, గోనెసంచిలో. కుండకి పగులు లేదట, పనస కర్ర కదా. మెట్లు కొన్ని డబ్బాలో ఉన్నాయి, కొన్ని లేవు. వీణలు చేసే గొల్లపల్లి అక్కడికి పక్కనే, మేళం కట్టేవాళ్లని కనుక్కుంటానన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నోరు జారకు, ఉప్మా విషయంలో జారినట్టు. వచ్చే రెండో శనివారం బస్సెక్కి వెళ్దామని...

అదిగో, పిలుస్తోంది. లావు తీగ శ్రుతి దిగిందట, వచ్చి బిగించమంటోంది. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
పక్కమంచం