మందు కొట్టే ముందు పురుగేదో తెలియాలి

సంపాదకులకు నమస్కారములు.

నిరుడు వేసవిలో ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్‌లో మా అమ్మాయి ఇంట రెండు నెలలున్నాను. ఒకనాడు పెరట్లోని సోపు పూల మీద పసుపు, నలుపు చారల పురుగు వాలగా, కందిరీగనుకొని తువాలు విసరబోతే, పక్కింటి పెద్దాయన వారించి దాని రెక్కలు లెక్కపెట్టమన్నారు. కందిరీగకూ తేనెటీగకూ నాలుగు రెక్కలుంటాయి, దీనికి రెండే. తలంతా కమ్మిన పెద్ద కళ్లు, పొట్టి మీసాలు, నారింజ రంగు పొట్ట మీద ప్రతి నల్లపట్టీకి తోడుగా ఒక సన్నని నల్లగీత. గాలిలో కట్టేసినట్టు ఒకేచోట నిలిచి, చటుక్కున పక్కకు జరిగేది. కొండి లేని ఈ ఈగకు కందిరీగ రంగులే రక్షణ. మన శాస్త్రవేత్తలు సిర్ఫిడ్ ఈగలనేవి ఇవే, ఈ జాతి మన దేశంలోనూ ఉంది.

ఆ మాటతో నాకు మా అనప చేను గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది. రెండేళ్ల కిందట, రసం పీల్చే పేనుబంక పురుగులు పట్టిన గుత్తుల్లో, కాళ్లు లేకుండా జలగలా సాగుతూ పాకే పచ్చని పిల్లపురుగులను చూసి, ఇవీ కాయను తినేవేనని మందు కొట్టించాను. అవి ఆ ఈగల పిల్లలే. ఒక్కొక్కటి వందలకొద్దీ పేనుబంక పురుగులను తింటుంది.

బ్రిటన్‌లో తేనెటీగలను వేటాడే ఆసియా హార్నెట్ అనే పెద్ద కందిరీగ 2016లో అదే గ్లోస్టర్‌షైర్‌లోని టెట్‌బరీ దగ్గర మొదటిసారి కనబడింది. అప్పటి నుంచి జనం అనుమానం వచ్చిన పురుగును ఫొటో తీసి, చోటు రాసి అధికారులకు పంపుతున్నారు. దాని కాళ్ల చివరలు పసుపుగా ఉంటాయనే ఒక్క గుర్తు తెలిస్తే, అక్కడి స్థానిక హార్నెట్‌ను పొరపాటున చంపకుండా ఉండవచ్చు. మనకు ఇలాంటి చూపు కొత్త కాదు. ఆరుద్ర పురుగును తొక్కకూడదని మా అవ్వ చెప్పేది. ఎనిమిది కాళ్లున్న ఆ ఎర్రని జీవి నిజానికి సాలీడుకు చుట్టమని మాత్రం నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మీ జిల్లా అనుబంధంలోని వ్యవసాయ పేజీలో వారానికొకసారి రైతులు పంపిన పురుగుల ఫొటోలు వేసి, తిరుపతి వ్యవసాయ కళాశాల కీటక శాస్త్రవేత్తల చేత అవేమిటో, మేలు చేసేవో కీడు చేసేవో చెప్పించాలని కోరుతున్నాను. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం కనబడేలా ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసి, పైరు పేరు, ఊరు, తేదీ రాయమని రైతులకు చెబితే గుర్తుపట్టడం సులువవుతుంది. మామిడి పూతకు ముందే ఇది మొదలైతే మరీ మేలు. ఎందుకంటే ఆ పూత కాయ కట్టడానికి ఈగల సాయం ఎంతో ఉంది, పూత రసం పీల్చే తేనెమంచు పురుగు కోసం విరిసిన పూత మీద కొట్టే మందు వాటినీ చంపుతుంది.

ఇట్లు,
ఒక రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా