తిండి వార్తలకి ఆ హెడ్డింగులేంటి?

ఎడిటర్ గారూ,

తిండి మీద ఏ స్టడీ వచ్చినా హెడ్డింగ్‌లో క్యాన్సర్ అని పెట్టేస్తారేంటండీ. 2015లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ ప్రాసెస్డ్ మీట్‌ని (సాసేజీ, బేకన్ లాంటివి) పొగాకు ఉన్న గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి లిస్టులో పెట్టింది, ఇంకేముంది, సిగరెట్టూ సాసేజీ ఒకటే అన్నట్టు రాసిపారేశారు. ఆ గ్రూపు చెప్పేది ఆధారాలు ఎంత గట్టివో, ప్రమాదం ఎంతో కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతుందన్నారు, సరే, దేని మీద 18? నూటికి 5 మందికి వచ్చేదనుకుంటే దాదాపు 6 అవుతుంది, ఆ ముక్క రాయరు. 2023లో డైట్ డ్రింకుల్లో చక్కెర బదులు వేసే అస్పర్టేమ్ క్యాన్సర్ తేవచ్చని ఆ సంస్థ అన్నప్పుడూ ఇదే గోల, అదే రోజు ఇంకో కమిటీ కిలో బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాముల లిమిట్ మార్చక్కర్లేదంది, అదేమో చివరి పేరాలో ఎక్కడో. టీవీ డిబేట్ల సంగతి చెప్పక్కర్లేదు. అసలు రిస్క్ ఎంత, స్టడీకి డబ్బులెవరిచ్చారు, ఈ రెండు లైన్లూ హెడ్డింగ్ కిందే వెయ్యండి.

– ఒక పాఠకుడు